తెర మీద పారే బియ్యం

ఇది నేను ఇంతకు ముందు రాయలేదు. ఇష్టం లేక కాదు, రాయడం రాక. మోతె దగ్గర మా ఊళ్లో మాకు గొర్రెల మంద ఉండేది. బడి గంట కొట్టే వేళకు నేను మంద వెనక గట్ల మీద ఉండేదాన్ని. తర్వాత పెళ్లి, మిర్యాలగూడ, మిల్లు పని. అక్షరాలు నా చేతికి వచ్చేసరికి నాకు యాభై దాటాయి. వచ్చాక కూడా చాలాకాలం నా పేరు, ఊరి పేరు, బస్సు బోర్డు, అంతే. ఒక సంగతిని మొదటి నుంచి కాగితం మీద పెట్టవచ్చని నాకు తోచనే లేదు. తోచాక ముందుగా గుర్తొచ్చింది ఇదే. నన్ను ఒక్కచోట కుదురుగా కూర్చోనివ్వని నెల రోజుల సంగతి.

మిల్లులో చేరిన కొత్తలో బియ్యం ఏరడమంతా చేతులతోనే. షెడ్డులో పదిమంది ఆడవాళ్లం వరసగా కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరి ముందు ఒక నల్లగుడ్డ. దాని మీద బియ్యం పరిచి పసుపు తిరిగిన గింజ, మచ్చ పడ్డ గింజ, పొట్టు ఊడని వడ్లగింజ తీసేయాలి. కొత్త బస్తా కుట్టు విప్పగానే మొదట చేసే పని ఒకటుంది. పిడికెడు బియ్యం తీసి, అందులో మంచి గింజలు చూసి, ఇరవయ్యో ముప్పయ్యో గుడ్డ మూలన పెట్టుకుంటాం. దాన్ని మచ్చు అంటాం. ఆ బస్తా అయిపోయేదాకా కన్ను మాటిమాటికీ ఆ మూలకు పోయి వస్తుంటుంది. ఏ రెండు చోట్ల బియ్యమూ ఒకే తెలుపు కాదు. పెద్దవూర నుంచి వచ్చినవి ఒక తెలుపు, మాడుగులపల్లివి ఇంకో తెలుపు. నిరుటి వడ్లు ఆడిస్తే ఒక రకం, ఈ ఏటి వడ్లు ఆడిస్తే మరో రకం. పాత బస్తా మచ్చుతో కొత్త బస్తా ఏరితే మంచి బియ్యమంతా చెడ్డదిగా కనబడుతుంది. కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలో చేసే తప్పు అదే. మధ్యాహ్నానికి వాళ్ల పక్కన పారేసిన కుప్పే పెద్దదయ్యేది. మేం వాళ్లను ఏడిపించేవాళ్లం.

కొన్నేళ్లకు సార్టర్ మెషిన్ వచ్చింది. గింజలు ధారగా జారుతుంటే కెమెరాలు రంగు చూస్తాయి, చెడ్డ గింజ వచ్చినచోట గాలి టప్పుమని కొట్టి పక్కకు తోసేస్తుంది. పదిమంది రోజంతా చేసే పని గంటలో అయిపోయింది. తొమ్మిదిమందిని పంపించేశారు. నన్ను ఉంచారు. నా కన్ను మంచిదని మిల్లు నడిపే పెద్దాయన, అందరూ డ్రైవర్ అని పిలిచే ఆయన, గుమాస్తాతో చెప్పాడట. మెషిన్ అద్దం మీద దుమ్ము పట్టినా, గాలి తగ్గినా చెడ్డ గింజలు మంచివాటిలో కలిసి పోతాయి. అందుకని మంచి బియ్యం పారే కాలువ మీద ఇంకో కెమెరా పెట్టి, ఆ బొమ్మ పైన ఆఫీసు గదిలో కంప్యూటర్ తెర మీద వచ్చేలా చేశారు. నేను కుర్చీలో కూర్చుని ఆ తెర చూడాలి. పారే బియ్యం రంగు తిరిగితే గోడకున్న స్విచ్ నొక్కాలి. కింద గంట మోగుతుంది, డ్రైవర్ ధార ఆపుతాడు.

అక్షరం ముక్క రాని నేను కంప్యూటర్ ముందు కూర్చోవడం హమాలీలకు పెద్ద వినోదమైంది. నీళ్లకు వచ్చినప్పుడల్లా తలుపులో నిలబడి, ఇవాళ సీరియల్‌లో అత్త ఏమన్నది వదినె అని అడిగేవాళ్లు. ఏమనలే, నీ మొకం సూసి గంట కొట్టుమన్నది అనేదాన్ని. పైకి అలా అన్నా ఆ కుర్చీ నాకు ఎంతో. షెడ్డులో దుమ్ముకు పదేళ్లు దగ్గినదాన్ని. అక్కడ ఫ్యాన్ ఉంది, కిటికీ ఉంది, చేతికందే దూరంలో మంచినీళ్లున్నాయి.

అలా ఉండగా కోదాడ నుంచి ఒక అమ్మాయి కంప్యూటర్ పనికి వచ్చింది. పాతికేళ్లుంటాయి. వీధి చివర గది కిరాయికి తీసుకుని, ఆదివారం ఇంటికి పోయి వచ్చేది. బందుల రోజులవి, బస్సులు ఎప్పుడు నడుస్తాయో తెలియదు. కొన్ని సోమవారాలు మధ్యాహ్నానికి గానీ చేరేది కాదు. నన్ను పెద్దమ్మా అనేది, మీరు అనేది. మిల్లులో నన్ను మీరు అన్నది ఆమె ఒక్కతే.

నేను భోజనానికి లేచినప్పుడు తెర చూసే పని ఆమె మీద పడేది. లారీ చీటీలు కొట్టుకుంటూ ఇటు చూడటం ఆమెకు కుదిరేది కాదు. ఒకరోజు, ఈ చూసే పని కంప్యూటర్‌తోనే చేయిస్తాను అంది. స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాం రాస్తుందట. అది రెండేసి సెకన్లకు ఒకసారి తెరను చూసుకుని, రంగు తప్పితే స్పీకర్‌లో మోగుతుందట. ఆమె మంచి మనసుతోనే చెప్పింది. నాకు మాత్రం ఒకటే తోచింది. తెర తనను తానే చూసుకుంటే ఈ కుర్చీలో నేనెందుకు?

ఆమె నాకు అంతా విప్పి చూపించేది. తెర మీది ఒక గింజను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. గింజ పోయి చిన్న చిన్న గళ్లు మిగిలాయి. ఒక్కో గడికి మూడు అంకెలు. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని. సున్నా నుంచి రెండు వందల యాభై అయిదు దాకా ఉంటాయి. మూడూ నిండుగా ఉంటే తెలుపు. నీలం ఒక్కటి తగ్గుతూ పోతే పసుపు. అంకెలు నాకు వచ్చు, లారీ నంబర్లు చూసి చూసి వచ్చాయి. పసుపంటే నీలం తగ్గడమని మాత్రం నేనెన్నడూ అనుకోలేదు. ఆ మాట నాలుగు రోజులు నా తలలో తిరిగింది.

మొదటిసారి నడిపినప్పుడు స్పీకర్ ఆగకుండా మోగింది. ఆమె ఒక మంచి గింజ మీది మూడు అంకెలు తీసుకుని, తెర మీద అక్కడక్కడా ఎంచిన వంద గళ్లు వాటితో సరిగ్గా సరిపోవాలని రాసిందట. ఏ గడీ సరిపోలేదు. ఒకటో రెండో తేడా లేకుండా ఏ రెండు గింజలుంటాయి? హమాలీలు పరుగెత్తుకొచ్చి, మిల్లుల ఎవరిదన్న పెండ్లా అని అడిగారు. ఆమె నవ్వుతూనే ఆపేసి నా వైపు తిరిగింది.

“ఇటు కొంత అటు కొంత వదలాలి పెద్దమ్మా. ఎంత వదలాలో నాకు తెలియదు. ఎక్కువ వదిలితే చెడ్డవి కూడా పోతాయి, తక్కువ వదిలితే ఇట్లా మోగుతూనే ఉంటుంది. ఆ ఎంత అనేది మీ కంటికే తెలుసు.”

నన్ను ఇంటికి పంపే పనికి నా కన్నే కావలసి వచ్చింది. కాదనలేకపోయాను. నా కన్నుకు తెలుసు అని ఒకరు అనడం కూడా నాకు ఇష్టంగానే ఉంది, అది దాచను.

పారే బియ్యాన్ని బొమ్మలుగా ఆపి నలభై బొమ్మలు చూపించింది. ఒక్కోదానికి నేను మంచిదే అనో గంట కొట్టాలె అనో చెప్పాలి. ఆమె కాగితం మీద గీతలు పెట్టుకునేది. పొద్దున నలభై, భోజనాలయ్యాక నలభై. అలా మూడు రోజులు. మూడో రోజు మధ్యాహ్నం ఒక బొమ్మలో మూలన అడ్డంగా పడ్డ పొట్టు ముక్క కనబడింది, విరిగిన గోరులాంటిది. మంచిదే అని అప్పటికే నా నోరు జారింది. ఆ పొట్టు ముక్కను పొద్దున చూశాను. పొద్దున ఆ బొమ్మకు గంట కొట్టాలె అన్నాను.

ఆమె కలం ఆగింది. తర్వాతి బొమ్మ వేసింది.

మధ్యాహ్నం చూపించేవి కొత్త బొమ్మలు కావని, పొద్దుటివే కలిపి వేస్తోందని అప్పుడు అర్థమైంది. నా మాట ఎంత నిలకడో చూడటానికట. అట్లా చూడాలని చదువులో చెప్తారని తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం మాత్రం నాకు అదంతా తెలియదు. తెలిసింది ఒకటే. ఒకే బియ్యం నాకు పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా కనబడుతోంది.

అప్పటి నుంచి నాకు నిలకడ లేదు. ఇంట్లో ఏ తెల్లనిది కనబడినా దగ్గరికి పోయి చూసేదాన్ని. సున్నం గోడ, పెరుగు, ఆరేసిన పంచె. కుడి కన్ను మూసి ఒకసారి, ఎడమ కన్ను మూసి ఒకసారి. పొద్దున బాగానే ఉండేది. ఎండ ఎక్కేకొద్దీ అన్నిటి మీదా పలచటి చాయ్ పోసినట్టుండేది, అయినా అది నాకు తెలుపుగానే తోచేది. అదే భయం. చెడిందని తెలిస్తే సర్దుకోవచ్చు, చెడినట్టే తెలియకపోతే? గోడకు ముఖం ఆనించి నిలబడ్డ నన్ను చూసి మా ఆయన, గోడల బంగారం దొరికిందా అన్నాడు. తల నొస్తున్నదని చెప్పాను. మిర్యాలగూడలో కంటి డాక్టర్ దగ్గరికి పోవచ్చు గానీ అక్కడ కూర్చుంటే మిల్లు వాళ్లెవరో ఒకరు చూస్తారు. మర్నాటికి గుమాస్తా చెవిలో పడుతుంది.

స్క్రిప్ట్ తయారైంది. మొదట అంకెలు తీసుకున్న ఆ మంచి గింజకూ పారే బియ్యానికీ ఒక్కో అంకెలో పన్నెండు దాకా తేడా ఉన్నా వదిలేస్తుంది. వంద గళ్లలో పదికంటే ఎక్కువ ఆ గీత దాటితే మోగుతుంది. గుమాస్తా వచ్చి నిలబడి విన్నాడు. ఆయనకు అంకెలు పట్టలేదు, కుర్చీ ఖాళీ అవుతుందన్నది పట్టింది. వారం రోజులు ఇద్దరూ చూడాలన్నాడు, నేను నా స్విచ్‌తో, అది దాని స్పీకర్‌తో. ఎవరిది సరైందో డ్రైవర్ బియ్యం చేతిలోకి తీసుకుని చెప్తాడు.

మొదటి రోజు పొద్దున ఇద్దరం ఒకేసారి మోగించాం. హమాలీలు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం పడమటి కిటికీలోంచి ఎండ పడ్డాక అది మోగింది, నాకు తెర మీద ఏ తేడా కనబడలేదు. డ్రైవర్ దోసిట్లో బియ్యం పట్టుకుని వాకిట్లోకి పోయి చూసి వచ్చి, మెషినే కరెక్ట్ అన్నాడు. రెండో రోజూ అంతే. డ్రైవర్ నా వైపు చూడకుండా తల గీక్కున్నాడు.

మూడో రోజు నుంచి నేను ఒక పని మొదలుపెట్టాను. చెయ్యి స్విచ్ మీదే పెట్టుకుని, స్పీకర్ మోగడం మొదలవగానే నేనూ నొక్కేదాన్ని. తెర చూడటం మానేసి చెవితో పనిచేశాను. రెండు మోతల మధ్య రెప్పపాటు తేడా, కింద ఎవరికీ తెలియదు. గుమాస్తా మెచ్చుకున్నాడు కూడా. పక్కన కూర్చున్న అమ్మాయికి తెలుసు. ఆమె చీటీలు కొట్టుకుంటూ ఉండిపోయింది.

అయిదో రోజు పొద్దున్నే పాత సరుకు లాటు అయిపోయి పెద్దవూర వడ్లు పడ్డాయి. కొత్త బియ్యం తెర మీదికి రాగానే స్పీకర్ మోగింది. నేను నొక్కాను. డ్రైవర్ ధార ఆపి చూసి, బియ్యం మంచిదేనని మళ్లీ వదిలాడు. మళ్లీ మోగింది, నేను మళ్లీ నొక్కాను. అలా నాలుగుసార్లు. బందు మొదలయ్యే లోపల బయలుదేరాల్సిన లారీ గేటు దగ్గర హారన్ కొడుతోంది. గుమాస్తా మెట్లెక్కి వచ్చాడు.

“ఇద్దరికి ఇద్దరు సరిపోయిన్రు. అది మెషిన్, దానికి ఎరుక లేదు. నీకేమైందమ్మా? ఇరవై ఏండ్లసంది బియ్యం సూస్తలేవా?”

ఆయన లెక్కలో కొన్నేళ్లు ఎక్కువే. అప్పుడు తల ఎత్తి తెర చూశాను. పొద్దుటి వెలుగులో స్పష్టంగా ఉంది. కొత్త లాటు, ఒక పిసరు గోధుమ చాయ ఉన్న తెలుపు, నిక్షేపంలాంటి బియ్యం. పాత బస్తా మచ్చుతో కొత్త బస్తా ఏరుతున్నాం మేమిద్దరం. ఆ స్క్రిప్ట్‌కు ఎవరూ చెప్పలేదు. నాకు ఎవరూ చెప్పనక్కర లేదు. అయినా అదే చేశాను.

తప్పు నాదే సార్, నేను రాసిన దానిలోనే లోపం ఉంది అని ఆ అమ్మాయి అంటోంది. నేను ఆమెను ఆపి మచ్చు సంగతి చెప్పాను. లాటు మారినప్పుడల్లా మచ్చు మార్చాలని, పన్నెండు సరైనదేనని, ఎక్కడి నుంచి పన్నెండు అన్నదే తప్పని. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. గంటలో ఒక ఏర్పాటు చేసింది. కొత్త లాటు పడగానే తెర మీద మంచి బియ్యం ఉన్న చోట మౌస్‌తో నొక్కితే చాలు. స్క్రిప్ట్ ఆ అంకెలు తీసుకుని అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. నన్నే నొక్కమంది. నొక్కాను. స్పీకర్ ఊరుకుంది. ధార పారింది, లారీ వెళ్లింది.

గుమాస్తా మెత్తబడ్డాడు. అయితే ఆ నొక్కే పని ఈమెదే, కుర్చీ అట్లనే ఉండనియ్యి అన్నాడు. నెల రోజులుగా నేను కోరుకున్న మాట. ఆయన మెట్లు దిగిపోయాక కూడా నాకు సంతోషం రాలేదు.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి తన డబ్బా మూత తియ్యకుండానే మొదలుపెట్టింది.

“పెద్దమ్మా, ఆ మూడు రోజుల కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. చివరి రోజు నలభైలో పదమూడు మీరు మధ్యాహ్నం మార్చి చెప్పారు. నేను పొద్దున చెప్పినవి మాత్రమే తీసుకున్నాను. పన్నెండు అన్నది వాటిలోంచి వచ్చిందే.”

నేను నీళ్లు తాగాను.

“ఇంతకు ముందైతే మీరు పొరబడినా అది మోగేది. ఇప్పుడు మీరు నొక్కిందే దానికి తెలుపు. మధ్యాహ్నం పూట లాటు మారి, మీరు పసుపు మీద నొక్కారనుకోండి, లాటంతా అయిపోయేదాకా అది నోరెత్తదు.”

“ఎవరికి సెప్పకు బిడ్డా. ఈ కుర్సీ పోతే నన్ను మల్ల షెడ్డుల గూడ కూసోనియ్యరు. గాడ ఇప్పుడు ఏరే పనే లేదు.”

“నేను చెప్పను. మీరు చెప్పాలి.” డబ్బా మూత తీస్తూ మళ్లీ అంది. “మా అమ్మమ్మకీ ఇట్లాగే అయింది. సూర్యాపేటలో ఆపరేషన్ చేయించాం. పొర తీసి అద్దం పెడతారు. కట్టు విప్పిన రోజు, మా ఇంటి గోడలు ఇంత తెల్లగా ఉంటాయా అని ఒకటే గొడవ.”

పోతా, పోతా అన్నాను. ఎప్పుడు అని ఆమె అడగలేదు. ఆ మధ్యాహ్నం లాటు మారలేదు గానీ, ఎప్పుడు మారుతుందోనని నా చెవులు కింద బస్తాల చప్పుడు మీదే ఉన్నాయి. పడమటి ఎండ తెర మీద పడింది. కుర్చీ పక్కకు జరిపాను. మళ్లీ జరిపాను. తెర మీద బియ్యం తెల్లగానే పారుతోంది. అది నిజంగా తెలుపో కాదో చెప్పడానికి నా దగ్గర ఏదీ లేదు. ఆ సాయంత్రమంతా స్పీకర్ మోగకూడదని కాదు, ఒక్కసారైనా మోగాలని చూశాను. మోగితే అది చూస్తోందని ధైర్యం.

మర్నాడు పొద్దున్నే హమాలీలు రాకముందే మిల్లుకు పోయాను. గుమాస్తా అగరొత్తి వెలిగించి బల్ల మీద గుచ్చుతున్నాడు. డ్రైవర్ పక్కనే చేతులు తుడుచుకుంటున్నాడు. డ్రైవర్ ముందు చెప్పడం వద్దనుకున్నాను, కానీ ఆగితే మళ్లీ నోరు రాదని తెలుసు.

“సారూ, మద్యాన్నమైతే నాకు తెలుపుకు పసుపుకు తేడా తెలుస్తలేదు. మొన్న మెషినే కరెక్ట్ అన్నరు గదా, అది నిజమే. తర్వాత నేను దాని సప్పుడు విని కొట్టిన.”

గుమాస్తా అగరొత్తి వంక చూస్తూ, సూపిచ్చుకోని రా, తర్వాత సూద్దాం అన్నాడు. కుర్చీ ఉంటుందా అని నేను అడగలేదు, ఉంటుందని ఆయనా అనలేదు. డ్రైవర్ మాత్రం, పొద్దటి పూట ఈమె కన్ను ఇప్పటికీ మంచిదే సారూ అన్నాడు.

పైన ఆ అమ్మాయి అప్పుడే కంప్యూటర్ పెట్టింది. ఆ పూట మాడుగులపల్లి లాటు పడుతోంది. కిటికీలో ఎండ ఇంకా రాలేదు. నేను నిలబడే తెర చూసి, ఇగో గీడ అని వేలు పెట్టి చూపించాను. ఆమె అక్కడ నొక్కింది. స్పీకర్ మోగుతుందేమోనని ఇద్దరం కాసేపు చూశాం. మోగలేదు. నా అన్నం డబ్బా ఆమె బల్ల మీదే వదిలేసి బస్టాండుకు పోయి సూర్యాపేట బస్సెక్కాను.